వదిన నోట రాని పేరు

కరగాందా వెళ్ళే దారిలో, బురుబైతాల్ టీ కొట్టు దగ్గర దౌలెత్ తన భార్య మక్పాల్‌కు మాట ఇచ్చి నాలుగు గంటలైంది. ఆ మాట ఏమిటో మరోసారి గుర్తు చేసుకోవడం మంచిది, ఎందుకంటే ఇచ్చినవాడు అప్పుడే మరిచిపోయినట్టు నటిస్తున్నాడు. "బాల్ఖాష్ సరస్సు దాటేలోగా పెద్దావిడని అడిగేస్తాను. సంజార్ మనతో కరగాందాలోనే ఉంటాడు, సెప్టెంబర్లో అక్కడే బళ్ళో వేస్తామని తెగేసి చెప్పేస్తాను, సరేనా?" అన్నాడు. అలా అన్న పెద్దమనిషి ఇప్పుడు సరస్సు ఒడ్డున కారు ముందు మూత ఎత్తి, ఇంజన్లోకి తల దూర్చి నిలబడ్డాడు.

సంజార్‌కు తొమ్మిదేళ్ళు. కన్నది మక్పాల్. నలభయ్యో రోజున స్నానం చేయించి, మెత్తటి గుడ్డలో చుట్టి అత్తగారు బాతిమా ఒళ్ళో పెట్టింది కూడా మక్పాలే. తొలిచూలు బిడ్డ తాతా నాయనమ్మల బిడ్డ కావడం మా వైపు మామూలే. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ ఆమెను అడగనూ లేదు. అందుచేత వాడికి బాతిమా అమ్మ, నిరుడు పోయిన తాతగారు నాన్న, దౌలెత్ అన్నయ్య, మక్పాల్ వదిన. వాడి తర్వాత పుట్టిన ఐదేళ్ళ ఇంకార్ వాడిని బాబాయ్ అంటుంది. ఆ బాబాయ్‌గిరీ వాడు బాగానే వెలగబెడుతున్నాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కోడలు అత్తింటివాళ్ళ పేర్లు నోటితో పలకకూడదు. మామగారి పేరు సరే, మరిది పేరు కూడా అంతే. ఉయ్యాల్లో ఉన్నా మరిది మరిదే. అందుకని కోడళ్ళు తలా ఒక ముద్దుపేరు పెట్టుకుని పిలుచుకుంటారు. మక్పాల్ తన కొడుక్కి పెట్టుకున్న పేరు చిన్నదొర. ఈ తొమ్మిదేళ్ళలో వాడి అసలు పేరు ఆమె పలికింది వంటింట్లో పంపు విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో మాత్రమే.

దౌలెత్‌కు కరగాందాలో పని దొరికింది, సంసారం అక్కడికి మారుతోంది. బాతిమా, సంజార్ కొత్త ఇల్లు చూడడానికి వెంట వస్తున్నారు. పన్నెండు రోజులుండి రైలెక్కి ఊరికి వెళ్ళిపోతారు. ఇద్దరూ వెళ్తారా, ఒకరు ఆగుతారా అన్నదే మిగిలిన పేచీ.

మధ్యాహ్నం ఒంటిగంట. నీడ అన్నది కారు కింద తప్ప ఇంకెక్కడా లేదు. ఒకవైపు కనుచూపు మేర ఎండిపోయిన మైదానం, ఇంకోవైపు పాలు కలిపినట్టున్న పచ్చటి నీళ్ళు.

"అడిగావా?" అంది మక్పాల్, మొగుడి పక్కకు వచ్చి.

"ఇంజన్ చల్లారనీ."

"ఇంజన్‌కీ మీ అమ్మకీ ఏమిటి సంబంధం?"

"రెండూ వేడి మీద ఉన్నప్పుడు మూత తియ్యకూడదు."

మామూలు రోజైతే మక్పాల్ నవ్వేదే. ఈ రోజు ఆమెకు ఒళ్ళు మండింది. "టీ కొట్టు దగ్గర సరస్సు దగ్గరన్నావు. సరస్సు దగ్గర ఇంజనంటున్నావు. కరగాందా వెళ్ళాక ఇల్లు సర్దుకోనీ అంటావు. పన్నెండో రోజున రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుతూ అడుగుతావా?"

"అబ్బ, మెల్లిగా. వింటుంది."

"వింటే మంచిదేగా. నీకు చెప్పే బాధ తప్పుతుంది."

దౌలెత్ చేతులు తుడుచుకుని, రోడ్డు పక్కన పొగబెట్టిన చేపలు వేలాడదీసిన కొట్టు వైపు చూశాడు. అతనికి తప్పించుకునే దారులు ఎప్పుడూ కళ్ళముందే ఉంటాయి. పరిచిన దుప్పటి దగ్గరకు వెళ్ళి, తల్లికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడి, "ఇదిగో, వింటున్నారా? చేపలు తెస్తున్నాను. లావువి తేనా, సన్నవి తేనా?" అని అడిగాడు.

"పొట్ట లావుగా ఉన్నది తే. కళ్ళు చూసి తే. వాళ్ళిచ్చింది పుచ్చుకుని రాకు" అంది బాతిమా.

ముప్పై ఏళ్ళు రైల్వే గేటు దగ్గర జెండా ఊపి రిటైరైన మనిషి ఆవిడ. ఇప్పటికీ ఒకటి ఆగాలి, ఒకటి వెళ్ళాలి అన్నట్టే మాట్లాడుతుంది. తెల్లటి తలగుడ్డ, వీపు నిటారు, ఎంత ఎండైనా మేజోళ్ళు. ఫ్లాస్కు, పాలు, నూనెలో వేయించిన రొట్టెముక్కలు, గట్టి పెరుగుండలు అన్నీ వరసగా పెట్టుకుని కోడలి కోసం చూస్తోంది. టీ పోయడం కోడలి పని.

మక్పాల్ వచ్చి కూర్చుని గిన్నెలో సగానికి పోసి ఇచ్చింది. సగమే పోయాలి. సగం పోస్తే ఇంకా కూర్చోండి, మళ్ళీ పోస్తానని. అంచుదాకా పోస్తే తాగి లేచి వెళ్ళండని. పెళ్ళయిన మొదటి వారంలోనే ఆమె ఇది నేర్చుకుంది. పదేళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు చేయలేదు.

నీళ్ళలో పిల్లల గోల వినిపిస్తోంది.

"నేను బాబాయ్‌ని. గాలిపరుపు మీద నేనే ముందు."

"నువ్వు ఇందాక కూడా ముందే!"

"బాబాయ్‌లు ఎప్పుడూ ముందే. కావాలంటే అమ్మనడుగు."

"ఏ అమ్మ? మా అమ్మా, మీ అమ్మా?"

"మా అమ్మ. పెద్దవాళ్ళ మాటే చెల్లుతుంది."

బాతిమా నవ్వింది. ఆవిడ పళ్ళు కనిపించేలా నవ్వడం వాడి మాటలకే. మక్పాల్ కూడా నవ్వుదామనుకుంది గాని నవ్వు రాలేదు. వాడి వీపు మీద ఎముకలు కనిపిస్తున్నాయి, మెడ వెనక ఎండకి కందిపోయింది, ఒక చొక్కా తొడగాలి. ఆ మాట అంటే అత్తగారున్నచోట వదిన ఎక్కువ పట్టించుకుంటున్నట్టు ఉంటుంది. అందుకే ఫ్లాస్కు మూత బిగిస్తూ కూర్చుంది.

"గాలి తిరిగింది" అంది బాతిమా ఉన్నట్టుండి. తలగుడ్డ అంచు ఇంతసేపూ మైదానం వైపు ఎగిరింది, ఇప్పుడు నీళ్ళ వైపు ఎగురుతోంది. "పిల్లల్ని పైకి పిలు."

మక్పాల్ లేచింది. ఇంకార్ మోకాటి లోతు నీళ్ళలో ఒక్కతే నిలబడి ఉంది. గాలిపరుపు అప్పటికే ఇరవై గజాలు లోపల ఉంది. దాని మీద సంజార్ బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్ళు తోస్తూ, తనే ఓడ నడుపుతున్నట్టు సంబరపడిపోతున్నాడు. తోసింది వాడు కాదు, గాలి.

"చిన్నదొరా! ఇటు రా! టీ తాగుదువుగాని!"

వాడు తిరగకుండానే చెయ్యి ఊపాడు. పరుపు ఇంకో పది గజాలు జారింది.

"అమ్మా, బాబాయ్ వెళ్ళిపోతున్నాడు!" అని ఇంకార్ ఏడుపు మొదలుపెట్టింది.

వాడికి ఈత రాదు. పరుపుకు తాడు కట్టమని మక్పాల్ పొద్దునే చెప్పింది, దౌలెత్ కడతానన్నాడు. అతను ఇప్పుడు చేపల కళ్ళు పరీక్షిస్తున్నాడు.

"చిన్నదొరా! చిన్నదొరా!" ఆ పిలుపు గాలిలో కొట్టుకుపోయింది. ఇంట్లో రోజుకు యాభై సార్లు వినే మాట, తినడానికి రమ్మనే మాట, చెప్పులు సరిగ్గా పెట్టమనే మాట. దానికి భయపడి వెనక్కి తిరిగే పిల్లాడెవడు?

మక్పాల్ బట్టలతోనే నీళ్ళలోకి పరిగెత్తింది. లంగా కాళ్ళకి చుట్టుకుంది, ఒకసారి మోకాళ్ళ మీద పడింది, లేచింది. నీళ్ళు నడుము దాటాయి. అప్పుడు ఆమె గొంతులోంచి ఆ పేరు వచ్చింది.

"సంజార్! ఒరే సంజార్! నా గుర్రప్పిల్లా, వెనక్కి తిరగరా!"

పంపు చప్పుడు లేదు, తలుపు మూసి లేదు. అత్తగారు ఒడ్డున ఉన్నారు, మొగుడు రోడ్డు మీద ఉన్నాడు, చేపలమ్మే ఆవిడ కూడా తల తిప్పి చూసింది.

పరుపు మీద పిల్లాడు గబుక్కున లేచి కూర్చున్నాడు. అప్పుడు చూశాడు ఒడ్డు ఎంత దూరంలో ఉందో. వాడి నోరు తెరుచుకుంది.

"దిగకు! నా తండ్రి కదూ, దిగకు! పడుకుని గట్టిగా పట్టుకో! వచ్చేస్తున్నా!"

నీళ్ళు ఆమె గడ్డం దాకా వచ్చాయి. ఆమెకూ ఈత అంతంత మాత్రమే. కాలివేళ్ళు అడుగున తగులుతున్నాయో లేదో తెలియకుండా ఇంకో నాలుగు అడుగులు వేసి చెయ్యి చాచింది. పరుపు మూల తడిగా, జారుతూ చేతికి తగిలింది. రెండోసారి పట్టు దొరికింది. అంతే, ఇక ఎవరు లాగినా ఆ చెయ్యి వదిలేది కాదు.

తిరిగి వస్తుంటే దౌలెత్ నడుము లోతు నీళ్ళలో ఎదురొచ్చాడు. పరుగున వచ్చాడు పాపం, ముఖం తెల్లబోయింది. చేపల పొట్లం మాత్రం ఒక చేత్తో తలకన్నా ఎత్తున పట్టుకునే ఉన్నాడు. మక్పాల్ ఆ పొట్లం వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది. అతను రెండో చేత్తో పరుపు అందుకున్నాడు.

ఒడ్డు దగ్గరకు వచ్చాక సంజార్ వణుకుతూనే అడిగాడు. "వదినా, నా పేరు నీకు తెలుసా?"

"ఏమిటా ప్రశ్న? తెలీకేం?"

"మరి ఎప్పుడూ పిలవలేదే. తెలీదనుకున్నా."

వాడు ఎగతాళిగా అనలేదు. నిజంగానే అనుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, తన పేరు ఈవిడకు తెలియదని ఆ పిల్లాడు అనుకున్నాడు. మక్పాల్ వాడి నెత్తి మీద నీళ్ళు తుడిచింది, తడి చేత్తో తుడిస్తే ఏం ఆరుతుందని కూడా తోచలేదు.

బాతిమా నీళ్ళ అంచున మేజోళ్ళతోనే నిలబడి ఉంది. మేజోళ్ళు తడిసిపోయాయి. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తువ్వాలు విప్పి మనవణ్ణి, అంటే కొడుకుని, తల నుంచి కాళ్ళ దాకా చుట్టేసింది. వాడి వీపు మీద రెండు చరిచింది, ముద్దు పెట్టింది, మళ్ళీ ఇంకోటి చరిచింది. తర్వాత "దౌలెత్, వీళ్ళిద్దర్నీ కారు దగ్గరకి తీసుకుపో. పొడిబట్టలు వెయ్యి. నే పిలిచేదాకా ఎవరూ రావద్దు" అంది.

దుప్పటి మీద అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. మక్పాల్ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించి ఫ్లాస్కు తీసింది, గిన్నె తీసింది, పోసింది. కళ్ళు కారు దగ్గరున్న పిల్లాడి మీదే ఉన్నాయి. పోస్తూనే ఉంది. టీ అంచుదాకా వచ్చి, అంచు దాటి బాతిమా వేళ్ళ మీద పడింది.

బాతిమా గిన్నె వైపు చూసింది.

"వెళ్ళిపొమ్మంటున్నావా?"

మక్పాల్‌కు అప్పుడు గానీ తను చేసిన పని అర్థం కాలేదు. "అయ్యో అత్తయ్యా! కాదు, చూసుకోలేదు..." అంటూ గిన్నె అందుకోబోయింది.

"ఉండనీ. ఈ రోజు అన్నీ ఒకేసారి దాటేశావు. పేరు పెట్టి పిలిచావు. గుర్రప్పిల్లా అని కూడా అన్నావు. అది తల్లి అనే మాట."

ఆమె తల దించుకుంది. క్షమించండి అని నోటిదాకా వచ్చింది. వచ్చిన మాట వెనక్కి పోయి, వేరే మాట వచ్చింది.

"అత్తయ్యా, పిల్లాణ్ణి నాకిచ్చెయ్యండి."

"దౌలెత్ అడగాల్సిన మాట కదా ఇది? బురుబైతాల్ నించి వాడి మెడ బిగుసుకుపోయి ఉంటే ఏదో ఉందనుకున్నాను."

"ఆయన అడగరు. అందుకే నేనడుగుతున్నాను. మామయ్యగారు ఉన్నంతకాలం నోరెత్తలేదు. ఇప్పుడు మేం ఊరు విడిచి వెళ్ళిపోతున్నాం. ఇన్నాళ్ళూ వాడు కంటిముందు తిరిగాడు, వదినా అని పిలిచినా తిరిగాడు. ఇక అదీ ఉండదు. నావల్ల కాదు."

బాతిమా అంచుదాకా ఉన్న ఆ టీ ఒలకకుండా ఒక గుక్క తాగింది.

"ఒకటి అడుగుతాను, చెప్పు. దౌలెత్ నన్నేమని పిలుస్తాడు?"

మక్పాల్ వెంటనే చెప్పబోయి ఆగింది. ఇదిగో అంటాడు. వింటున్నారా అంటాడు. తల్లి పెరట్లో ఉంటే పెరటి గుమ్మం దాకా వెళ్ళి దగ్గుతాడు. పదేళ్ళ కాపురంలో ఇంకో పిలుపు ఆమెకు గుర్తు రాలేదు.

"ఏమీ అనరు" అంది మెల్లిగా. "మొహమాటం అనుకున్నాను."

"తల్లి దగ్గర ఏం మొహమాటం? వాడూ తొలిచూలు బిడ్డే. మా అత్తగారి ఒళ్ళో పెట్టాను, నలభయ్యో రోజునే. పద్నాలుగేళ్ళు నన్ను వదినా అన్నాడు. మా అత్తగారు పోయారు. ఆవిణ్ణి మట్టి చేసి వచ్చిన రోజు నించి వదినా అనడం మానేశాడు. అమ్మా అని మాత్రం మొదలుపెట్టలేదు. ఇరవై ఒక్క ఏళ్ళయింది. ఈ రోజు అంటాడేమో, రేపు అంటాడేమో అని చూస్తూనే ఉన్నాను."

మక్పాల్ కారు వైపు చూసింది. దౌలెత్ వంగి ఇంకార్ జుట్టు తుడుస్తున్నాడు. తన మొగుడి గురించి తనకు తెలియనిది ఏమీ లేదని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

"వాడి తర్వాత నాకు పిల్లలు కలగలేదు" అంది బాతిమా. ఫలానా రైలు ఫలానా వేళకు వస్తుందని చెప్పినట్టే చెప్పింది. "ఈ భూమ్మీద నన్ను అమ్మా అని పిలిచేది ఆ చిన్నవాడొక్కడే. నువ్వడుగుతున్నది అదీ. అర్థమైందా?"

అర్థమైంది. మక్పాల్‌కు ఆవిడ మీద జాలి కలిగింది, ఆ జాలితో పాటే కోపమూ వచ్చింది.

"అంత బాధ తెలిసి నన్ను కూడా అదే చేయించారా అత్తయ్యా? ఇయ్యొద్దులే అమ్మాయ్ అని ఆ రోజు ఒక్క మాట అంటే సరిపోయేది."

"ఇవ్వనని నువ్వూ ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకనలేదు?"

"మీరెందుకనలేదు, మీ అత్తగారితో?"

ఒడ్డున పడేసిన గాలిపరుపు గాలికి తిరగబడి, ఉప్పు మరకల మట్టిలో కొంచెం దూరం దొర్లింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

చివరికి బాతిమా తడి మేజోళ్ళు విప్పి పిండింది. "ఇందాక నువ్వు నీళ్ళలోకి దిగినప్పుడు నేను దిగలేదు. కాళ్ళు కదల్లేదు. అది నేను మరిచిపోను. అలాగని ఊరికే ఇవ్వను, నాకంత పెద్ద మనసు లేదు. ఇదిగో విను. మా రైలు పన్నెండో రోజున. ఆలోగా వాడంతట వాడు నిన్ను అమ్మా అని పిలిస్తే ఉంచేసుకో, నేనొక్కదాన్నే రైలెక్కుతాను. పిలవకపోతే వాడు నాతో వస్తాడు, ఇక ఈ మాట మన మధ్య రాకూడదు."

"ఎవరూ చెప్పకుండా వాడికెలా తెలుస్తుంది?"

"అదే షరతు. నువ్వు చెప్పకూడదు, నేను చెప్పను. దౌలెత్ సంగతంటావా, వాడు ఎలాగూ చెప్పడు. వాడికే చేతకాని పని అది."

"పన్నెండు రోజుల్లోనా?"

"నాకు ఇరవై ఒక్క ఏళ్ళు సరిపోలేదు. నువ్వు నాకన్నా గట్టిదానివి, చూశాంగా."

అది మెప్పో దెప్పో మక్పాల్‌కు తేలలేదు. సరే అనాలా, కాదనాలా? కాదంటే ఏమీ లేదు. సరే అంటే, తొమ్మిదేళ్ళుగా వదినా అన్న నోటితో ఆ పిల్లాడు పన్నెండు రోజుల్లో మాట మార్చాలి. ఆమె తడి లంగా అంచు పిండుకుంటూ తలూపింది.

బాతిమా ఆ గిన్నెలో మిగిలిన టీ పారబోసింది. ఫ్లాస్కు తనే అందుకుని, గిన్నె కడిగి, సరిగ్గా సగానికి టీ పోసి కోడలి ముందు పెట్టింది. పదేళ్ళలో అత్తగారు కోడలికి టీ పోయడం అదే మొదటిసారి. మక్పాల్ రెండు చేతులతో అందుకుంది.

"వదినా!"

పిలిచేదాకా రావద్దన్న మాట తొమ్మిదేళ్ళవాడికి ఎంతసేపు గుర్తుంటుంది? సంజార్ దౌలెత్ చొక్కా తొడుక్కుని, అది మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, చేతిలో సగం తిన్న చేపముక్కతో వచ్చి నిలబడ్డాడు. అమ్మ పక్కన కూర్చోలేదు. వదిన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బాతిమా కోడలి వైపు చూసింది, మొదటి రోజు లెక్క ఇప్పటినుంచే అన్నట్టు.

"ఏం చిన్నదొరా?" అంది మక్పాల్.

వాడు ముఖం చిట్లించాడు. "అలా కాదు. ఇందాక నీళ్ళల్లో పిలిచావు చూడు, గుర్రప్పిల్లా అని కూడా అన్నావు. అలా ఇంకోసారి పిలు."

మక్పాల్ నోరు తెరిచింది. పేరు నాలుక చివర ఉంది. ఎదురుగా అత్తగారు, ఆవిడ చేతిలో ఫ్లాస్కు మూత తిరగడం ఆగిపోయింది.

సంజార్ వదిన ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. తర్వాత వంగి, మక్పాల్ చెవిలో, బాతిమాకు స్పష్టంగా వినిపించేంత గట్టిగా అడిగాడు.

"అమ్మ వింటుందని భయమా, వదినా?"